నల్ అంటే సున్నా కాదు సార్

మన కారిడార్‌లో బయోడైవర్సిటీ అంటే ఏంటని ఎవర్నైనా అడిగి చూడండి. "అబ్బో, సాయంత్రం ఆరింటికి అటు పోకండి" అంటారు. మనకది ఒక సిగ్నలు, ఒక ఫ్లైఓవరు, రోజుకో అరగంట ట్రాఫిక్ జాము. ఆ పేరు ఎలా వచ్చిందో క్యాబ్ డ్రైవరుకే కాదు, వెనక సీట్లో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న మనక్కూడా గుర్తుండదు. 2012 అక్టోబరు 8 నుంచి 19 దాకా ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య ఒప్పందం మీద సంతకం చేసిన దేశాల 11వ సదస్సు మన హెచ్ఐసీసీలోనే జరిగింది. ఆ సందర్భంగా గచ్చిబౌలిలో ఒక పార్కు పెట్టారు. పార్కు పేరు సిగ్నలుకొచ్చింది, సిగ్నలు పేరు ఫ్లైఓవరుకొచ్చింది. ఇన్నేళ్ళలో నేను ఆ సిగ్నలు దగ్గర గడిపిన టైములో వందో వంతు కూడా ఆ పార్కులో గడపలేదు. మీరూ అంతేనని నా నమ్మకం.

ఇంతకీ ఈ టపా ఆ జీవవైవిధ్యంలో మనం లెక్కే వెయ్యని ఒక ముక్క గురించి. పుట్టగొడుగుల గురించి. ఇంకాస్త సరిగ్గా చెప్పాలంటే, చెట్ల వేళ్ళతో కాపురం చేసే శిలీంధ్రాల గురించి. మైకోరైజా అంటారు వీటిని. బైపీసీ వాళ్ళు తెలుగు మీడియంలో శిలీంధ్ర మూలాలు అని చదువుకుని ఉంటారు. నేను ఎంపీసీ బాపతు. తర్వాత ఇరవయ్యేళ్ళుగా డేటాబేసులతో కాపురం. కాబట్టి నేను చెప్పే వృక్షశాస్త్రంలో తప్పులుంటే మొహమాటపడకుండా దిద్దండి. డేటా గురించి చెప్పేదాంట్లో మాత్రం వాదనకి నేను సిద్ధం.

మాది కొత్తగూడెం వైపు. మృగశిర కార్తెలో నాలుగు వానలు పడి, గట్టిగా రెండు ఉరుములు ఉరిమాయంటే మా అమ్మమ్మ పొద్దున్నే గంప పట్టుకుని బయల్దేరేది. ఏ పుట్ట దగ్గర ఏ వారంలో వస్తాయో ఆవిడ బుర్రలో ఒక ఇండెక్స్ ఉండేది. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పేది కాదు, పక్కింటి వాళ్ళకి కూర మాత్రం పంపేది. ఆ పుట్టకొక్కుల కూర రుచి గురించి మొదలుపెడితే ఈ టపా దారి తప్పుతుంది, వదిలేద్దాం.

అసలు ఆ మాట చూడండి. పుట్ట, గొడుగు. మన భాషలో ఈ జీవి పేరులోనే అదెక్కడ పెరుగుతుందో రాసి ఉంది. చెదపురుగులు పుట్టలోపల ఆకులూ పుల్లలూ నమిలి ఒక రకం తోట వేసి, అందులో బూజు పెంచుకుంటాయి. వానలొచ్చాక ఆ బూజే పుట్ట చీల్చుకుని గొడుగై పైకొస్తుంది. సైన్సులో దాని పేరు టెర్మిటోమైసిస్, అంటే చెదల బూజు అనే. వాళ్ళు లాటిన్లో పెట్టుకున్న పేరూ మనవాళ్ళు ఎప్పుడో పెట్టిన పేరూ ఒకటే మాట చెప్తున్నాయి. అదీ డాక్యుమెంటేషన్ అంటే! ఆ తర్వాత మనం చేసిన ఘనకార్యం ఏంటంటే, ఆ పేరుని ఒక సామెత స్థాయికి దిగజార్చి, కోచింగ్ సెంటర్లూ కన్సల్టెన్సీలూ "పుట్టగొడుగుల్లా" పుట్టుకొచ్చాయని పేపర్లలో రాసుకోవడం. రాత్రికి రాత్రి, వేర్లూ గట్రా లేకుండా లేచిందని దాని అర్థం. నిజానికి పుట్టగొడుగు అలా లేవదు. కింద ఏళ్ళ తరబడి అల్లుకున్న దారాలు ఉంటేనే పైన ఆ నాలుగు రోజుల గొడుగు. మనకి కనిపించేది యూఐ, అంతే.

రెండేళ్ళ కింద, జులైలో, మా ఆఫీసు లాన్‌లో తెల్లగా, చేతి వెడల్పున, గుండ్రంగా వరస కట్టి లేచాయి. అమ్మమ్మ మనవణ్ణి కదా, ఫోన్ తీసి దగ్గరికెళ్ళా. తోట పని చేసే అక్క దూరం నుంచే కేకేసింది.

"సారూ, గవి కుక్కగొడుగులు. ముట్టకుర్రి. మొన్న కొత్త వాచ్‌మెన్ కూరకని తెంపుతుంటే నేనే పారబోయించిన."

"ఎట్లా తెలుసు అక్కా?"

"పుట్ట యాడుంది సారూ? పుట్ట లేంది పుట్టకొక్కెట్లైతది?"

ఒకటి ఇంటికి తెచ్చి, కాడ తీసేసి, టోపీని తెల్ల కాగితం మీద బోర్లించి గిన్నె మూత పెట్టాను. పొద్దున చూస్తే కాగితం మీద పాచి పచ్చ రంగులో అచ్చు పడింది. ఉష్ణదేశాల లాన్లలో మామూలుగా వచ్చే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అట, ఆ పచ్చ రంగు బీజాలే దాని ఆధార్ కార్డు. తింటే రోజంతా వాంతులూ విరేచనాలూ. అక్క చెప్పింది ఆ పూటకి నిజమైంది. అలాగని పుట్ట మీద వచ్చిందల్లా తినెయ్యమని దానర్థం కాదు. నేను చెప్పబోయేది రాసిపెట్టుకోవడం గురించి, వండుకోవడం గురించి కాదు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించొద్దు.

అప్పట్నుంచి రెండు వానాకాలాలు వారాంతాల్లో తిరిగాను. కొత్తగూడ బొటానికల్ గార్డెన్, మా గేటెడ్ కమ్యూనిటీ వెనక ఖాళీ స్థలం, ఔటర్ పక్కన మిగిలున్న గుట్టలు. ఫోన్లో మూడొందల పైచిలుకు ఫొటోలు. బొకే ఎఫెక్టుతో సహా! తెలిసినవాళ్ళ ద్వారా ఒక రిటైరైన బోటనీ మాస్టారిని పట్టుకుని గర్వంగా చూపించాను. ఆయన ఇరవై ఫొటోలు ఓపిగ్గా చూసి ఫోన్ పక్కన పెట్టారు.

"బాబూ, ఇవన్నీ టోపీలు. టోపీ చూసి మనిషిని గుర్తుపట్టమంటే ఎట్లా? కింద రేకులున్నాయా, చిల్లులున్నాయా? కాడకి ఉంగరం ఉందా? మట్టిలోంచి వచ్చిందా, పుచ్చిన కొయ్య మీదా? పక్కన ఏ చెట్టుంది?"

ఒక్కదానికీ సమాధానం లేదు. "పనిచెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి క్లోజ్ చేసే దాకా మన ప్రాణం తీసే బగ్ టికెట్లు చూశారు కదా. నేను అలాంటివి మూడొందలు ఫైల్ చేశానన్నమాట.

అసలు దెబ్బ తర్వాత పడింది. "చెట్ల వేళ్ళతో కలిసుండేవి కావాలంటున్నావు. ఈ నేలలో నువ్వు గొడుగుల కోసం వెతికితే అవి దాదాపు దొరకవు" అన్నారాయన. నాకు అర్థమైనంతలో సంగతి ఇది.

మైకోరైజా అన్న మాట 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే ఆయన పెట్టాడు. ట్రఫుల్స్ అనే ఖరీదైన భూమిలోపలి పుట్టగొడుగుల్ని పండించొచ్చేమో చూడమని ప్రష్యా ప్రభుత్వం అడిగితే, తవ్వి చూసి, చెట్టు వేళ్ళకి బూజు తొడుగు ఉందని గమనించాడు. అది రోగం కాదు, ఒప్పందం. చెట్టు ఎండలో చేసుకున్న చక్కెరలో కొంత వాటా బూజుకిస్తుంది. వేరు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నగా ఉండే బూజు పోగులు, వేరు దూరలేని సందుల్లోంచి ఫాస్ఫరస్, నీళ్ళు లాక్కొచ్చి చెట్టుకిస్తాయి. ఫాస్ఫరస్ మట్టిలో ఉన్నా కదలదు, మన ఎర్ర నేలల్లో మరీ మొండిగా అతుక్కుని కూర్చుంటుంది. అందుకే ఈ కొరియర్ సర్వీసు.

ఈ కాపురాల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకం వేరు చుట్టూ తొడుగులా అల్లుకుని, వానల్లో పైన పుట్టగొడుగులు వేస్తుంది. సాల, పైన్, ఓక్ లాంటి చెట్లది ఈ బాపతు. మా జిల్లా దాటి ఉత్తరానికెళ్తే బస్తర్ సాల అడవుల్లో తొలకరికి మట్టిలోంచి గోలీల్లా వచ్చే బోడ ఇలాంటిదే. సీజన్ మొదట్లో మటన్ కన్నా ఎక్కువ రేటు పలుకుతుంది జగ్దల్‌పూర్ సంతలో. రెండో రకం వేరు కణాల లోపలికే దూరి, కొమ్మలు కొమ్మలుగా చీలి అక్కడే ఇచ్చిపుచ్చుకుంటుంది. ఇది పుట్టగొడుగు వెయ్యదు. దాని ఉనికికి గుర్తు మట్టిలో ఇసక రేణువంత, అంతకన్నా చిన్న బీజాలు మాత్రమే. ప్రపంచంలో ఎక్కువ మొక్కలది ఈ రెండో రకమే. మన వేప, టేకు, సీతాఫలం, హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్ళ మధ్య పెరిగే తుప్పల్లో చాలాభాగం దీని కిందకే వస్తాయి.

మరి ఇక్కడ చెట్టుతో కాపురం చేస్తూ గొడుగేసేవి అసలు లేవా అంటే ఉన్నాయి, జామాయిల్ చెట్ల కింద. గుర్రప్పేడ ఉండలాగా నేల పొడుచుకుని వచ్చి, నలిపితే కాఫీపొడి లాంటిది రాలుతుంది, పిసోలిథస్ అంటారు. అది ఆస్ట్రేలియా చెట్టుతో పాటు వచ్చిన చుట్టం. నేను రెండేళ్ళు తిరిగి తీసిన ఫొటోల్లో నికరంగా మైకోరైజా అని చెప్పగలిగినవి నాలుగు. నాలుగూ ఆ చుట్టాలే. ఈ నేల సొంత మనుషుల్ని ఒక్కర్ని కూడా కెమెరాలో పట్టలేదు, ఎందుకంటే వాళ్ళు కెమెరాకి కనపడరు.

ఇక్కడే నా డేటాబేసు బుద్ధి మేలుకుంది. ఐనాచురలిస్ట్ లాంటి చోట మన ప్రాంతం మ్యాపు తెరిచి శిలీంధ్రాలు అని వడపోసి చూడండి, తర్వాత పక్షులు అని వడపోసి చూడండి. పక్షుల చుక్కలతో మ్యాపు నిండిపోతుంది. ఎందుకంటే ఈ ఊళ్ళో హైదరాబాద్ బర్డింగ్ పాల్స్ లాంటి వాళ్ళు, అందులో మన ఫీల్డు జనం కూడా బోలెడు మంది, ఆదివారం నిద్ర మానుకుని బైనాక్యులర్లతో తిరుగుతున్నారు. పుట్టగొడుగుల మ్యాపు ఖాళీ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని చూసినవాడు "ఇక్కడేం లేదు" అనుకుంటాడు. ఫ్రెషర్ ఇంటర్వ్యూలో మనం అడిగే మొదటి ప్రశ్నే ఇది కదా: నల్‌కీ సున్నాకీ తేడా ఏంటి బాబూ? సున్నా అంటే చూశాం, లేదు. నల్ అంటే ఎవరూ చూడలేదు. నల్‌ని సున్నాగా చదివి రిపోర్టు ఇచ్చేవాడిని మనం ప్రొడక్షన్ దరిదాపులకి రానివ్వం. భూమి విషయంలో మాత్రం రోజూ అదే రిపోర్టు మీద సంతకాలైపోతాయి.

కంచ గచ్చిబౌలి గుర్తుందిగా. ఐటీ పార్కుల కోసమని అనుకున్న ఆ 400 ఎకరాల్లో 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేసింది, అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైపోయింది. అది అడవి కాదని ప్రభుత్వం, ఔనని విద్యార్థులు. ఆ గొడవలో ఎవరి పక్షం ఎంత న్యాయం అన్నది వేరే చర్చ. నేను గమనించింది వాదనకి పనికొచ్చిన సరుకు ఏంటా అని. పక్షుల జాబితా, జింకలు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు, మొక్కల జాబితా. హైదరాబాద్ పేరు పెట్టుకున్న ఒక చిన్న సాలీడు కూడా వార్తల్లోకెక్కింది, ఎవరో ఎప్పుడో ఓపిగ్గా దాన్ని వర్ణించి పేరు పెట్టారు కాబట్టి. శిలీంధ్రాల జాబితా మాత్రం నేను చదివిన వాటిలో ఎక్కడా కనపడలేదు. మన 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ళు చూస్తే జంతువులున్నాయి, కొన్ని మొక్కలున్నాయి. బూజులకి ఆ టేబుల్లో కాలమే లేదు. ప్రపంచ స్థాయిలో ఐయూసీఎన్ వాళ్ళే జంతుజాలం, వృక్షజాలంతో పాటు శిలీంధ్రాలనీ కలిపి చెప్పాలని గట్టిగా అనుకున్నది 2021లో. మనల్ని మనం మరీ తిట్టుకోనక్కర్లేదు.

కోర్టు ఆ చదును చేసిన చోట మళ్ళీ చెట్లు ఎలా తెస్తారో ప్లాన్ చెప్పమంది. మొక్కలు నాటడం మనకి బాగా వచ్చిన విద్యే. 2015లో హరితహారం మొదలైనప్పట్నుంచి ఎన్ని మొక్కలు నాటామో లెక్క చెప్పడంలో ఆరితేరాం. గుంటల లెక్క ఉంది, మొక్కల లెక్క ఉంది. గుంటలో మట్టి సంగతి? ఈ బూజు సంసారమంతా ఉండేది ప్రధానంగా పై జానెడు మట్టిలో. బుల్డోజర్ మొదట గీకేది దాన్నే. మా కమ్యూనిటీ కట్టేటప్పుడు ఆ పై మట్టిని నెలల తరబడి లారీల్లో తోలి పారేశారు. గృహప్రవేశాలయ్యాక ట్రాక్టర్లలో ఎక్కడిదో ఎర్రమట్టి తెప్పించారు. మొక్కలు ఎదగట్లేదని ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టరు "వ్యామ్ వేద్దాం సార్" అన్నాడు. వ్యామ్ అంటే సంచుల్లో అమ్మే ఈ రెండో రకం బూజే! మన ఇంట్లో ఉన్నదాన్ని చెత్తలో వేసి, బజార్లో ఎవరిదో కొనుక్కొచ్చామన్నమాట. అసోసియేషన్ మీటింగులో ఈ మాటంటే "మీరు మెయింటెనెన్స్ టైముకి కట్టండి ముందు" అన్నాడు మా ట్రెజరరు. ఒక నెల లేటైన మాట నిజమే.

"ఇంత పెద్ద ఏఐ యుగంలో ఇంకా మట్టి జల్లించుకుంటూ కూర్చుంటారా, శాటిలైట్ డేటాతో మోడల్ కట్టెయ్యొచ్చుగా" అని మా టీమ్‌లో ఒకబ్బాయి అన్నాడు. కట్టారు. స్పన్ అనే సంస్థ వాళ్ళు 2025 జులైలో భూగర్భ మైకోరైజా ప్రపంచ పటం నేచర్ పత్రికలో ప్రచురించారు. వైవిధ్యం ఎక్కువున్న చోట్లలో 10 శాతం లోపే రక్షిత ప్రాంతాల్లో ఉన్నాయని తేల్చారు. చాలా మంచి పని. కానీ అది నమూనాలు తీసిన చోట్ల డీఎన్ఏ నుంచి నేర్చుకుని, తియ్యని చోట్ల అంచనా వేసే మోడల్. నమూనా లేని చోట మోడల్ ఏం చెప్తుందో మనకి ఒకళ్ళు చెప్పాలా? ట్రెయినింగ్ డేటాలో లేని తెలుగు మాటకి మన చాట్‌బాట్లు ఏం చెప్తున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాంగా.

ఈ ఊళ్ళో దీనికి ఆధారం లేకా కాదు. ఉస్మానియాలో మనోహరాచారి గారు దశాబ్దాల పాటు శిలీంధ్రాల మీదే పనిచేశారు. మైకోరైజా పరిశోధన పద్ధతుల మీద 2002లో వచ్చిన పెద్ద పుస్తకానికి సంపాదకుల్లో ఆయనొకరు. అంటే నిపుణులు మన ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళకి లేనిది ప్రతి ఆదివారం పది చోట్ల తిరిగే కాళ్ళు. మనకున్నవి అవే. స్టెప్ కౌంటు కోసం ఊరికే అరగదీస్తున్నాం.

కాబట్టి నా ప్రతిపాదన పెద్దదేం కాదు. గొడుగు కనిపిస్తే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, కింద రేకులు కనపడేలా ఒకటి ఫొటో తియ్యండి. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టండి, సైజు తెలుస్తుంది. చుట్టూ రెండడుగుల నేల, దగ్గరున్న చెట్టు ఆకు కూడా తియ్యండి. వాసన, కోస్తే రంగు మారిందా, ఇవి కెమెరాకి రావు కనక రాసుకోండి. తెలిసిన పేరు లేకపోతే పేరు కాలమ్ ఖాళీగా వదిలెయ్యండి, గూగుల్ లెన్స్ చెప్పిన పేరు నింపకండి. నల్ ఉన్నా ఫరవాలేదు, తప్పుడు విలువ ప్రాణం తీస్తుంది.

కనపడని రెండో రకానికి మట్టే గతి. నేషనల్ పార్కులోనో బొటానికల్ గార్డెన్‌లోనో పార పట్టుకుని దిగకండి, అనుమతి లేకుండా తప్పు. మీ అపార్ట్‌మెంటు, మీ ఆఫీసు, మీ ప్లాటు, పునాది తవ్వకముందు. పై జానెడులోంచి గుప్పెడు మట్టి, సన్నటి వేళ్ళతో సహా. నీళ్ళలో కలిపి, బరువైన ఇసక అడుగున దిగాక పై నీళ్ళు సన్న జల్లెళ్ళలోంచి ఒంపడం 1963లో జేర్డెమాన్, నికల్సన్ చెప్పిన పద్ధతి. ఇప్పటికీ అదే వాడతారు. మా అమ్మమ్మ బియ్యంలో రాళ్ళు గాలించిన పద్ధతికీ దానికీ నాకు పెద్ద తేడా కనపడలేదు. వేళ్ళలో బూజు చూడాలంటే క్షారంలో ఉడికించి, వెనిగర్లో కలిపిన ఫౌంటెన్ పెన్ ఇంకుతో రంగెయ్యొచ్చని 1998లో కనిపెట్టారు. అంతకు ముందు వాడే రంగులు ఆరోగ్యానికి మంచివి కావు. ఈ ఉడికించే పని మాత్రం గ్లవ్సూ కళ్ళద్దాలతో ఏదైనా కాలేజీ ల్యాబులో. వంటింట్లో వద్దు, మా ఇంట్లో అయిన గొడవ చాలు.

"జాబితా ఉన్నంత మాత్రాన బుల్డోజర్ ఆగుతుందా" అని మీరడగొచ్చు. చాలాసార్లు ఆగదు. నేను కూర్చుని పనిచేసే టవర్ కూడా ఒకప్పటి గుట్ట మీదే ఉంది, నా జీతం ఆ గుట్ట లేకపోవడం మీదే ఆధారపడి ఉంది. ఆ గుట్ట కింద ఏముండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ రికార్డులో శాశ్వతంగా నల్. కనీసం పై మట్టిని లారీ ఎక్కించకుండా ఒక మూల కుప్ప పోసి తిరిగి వాడమని చెప్పడానికైనా, అందులో ఏముందో చేతిలో కాగితం ఉండాలి.

మొన్న ఆదివారం మా కమ్యూనిటీ గోడ అవతల, ఇంకా లేఅవుట్ పడని రెండెకరాల ముక్కలో, యజమానిని అడిగే, ఒక సీతాఫలం పొద కింద మట్టి తెచ్చాను. మాస్టారి పాత మైక్రోస్కోప్ కింద తేనె రంగులో, సగ్గుబియ్యంలా మెరుస్తూ ఏడు బీజాలు. జాతి ఏదో ఆయనకీ తెలియలేదు. చిన్న గాజు సీసాలో వేసి చీటీ అంటించాం: తేదీ, అక్షాంశం, రేఖాంశం, ఎర్ర మట్టి, సీతాఫలం, లోతు ఒక జానెడు. పేరు దగ్గర ఖాళీ. ఆ స్థలానికి పునాది పూజ దసరాకట. ఈలోపు ఇంకో ఆరు చోట్ల తియ్యాలి, జల్లెడ పట్టడానికి రెండు చేతులు తక్కువ పడుతున్నాయి. కొండాపూర్, కొత్తగూడ, నానక్‌రామ్‌గూడ వైపు ఉండి ఆదివారం ఏడింటికి లేవగలిగిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. టీ ఖర్చు నాది.